బాపు పేరు మీద కారు

సన్నబియ్యం ఇస్తున్నారని మా వాడంతా సంబరపడుతున్న నెలలోనే మా బాపు రేషన్ కార్డు రద్దయింది. మా వైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. డీలర్ మిషన్ మీద వేలు పెడితే కార్డు లేదని వచ్చిందట. బాపు వేలు లుంగీకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు, లాభం లేకపోయింది. ఖాళీ సంచి చంకలో పెట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉంది. దరఖాస్తులు పెట్టడం, ప్రింట్లు తీయడం నా పని. పదేళ్లుగా జనానికి నేను ఎక్కువసార్లు చెప్పిన మాట, "కంప్యూటర్ల గట్లనే ఉంది, నేనేం జేయాలె." ఆ మాట అన్నాక ఎవరూ ఎదురు మాట్లాడరు, అందుకే నాకది చాలా ఇష్టం. ఆ రోజు బాపు కార్డు నంబరు కొట్టి చూస్తే, నాలుగు చక్రాల వాహనం ఉన్నందున రద్దు అని ఉంది. ఇంట్లో ఉన్న చక్రాలు రెండే, అవి బాపు సైకిల్‌వి, అందులో ఒకటి పంచర్. అయినా అలవాటుకొద్దీ నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. బాపు ఖాళీ సంచి మడతపెట్టుకున్నాడు. రోజంతా మరమగ్గాల చప్పుడులో పనిచేసే మనిషి, ఇంటికొచ్చాక కూడా పెద్దగా మాట్లాడడు. అనాల్సింది ఆ సాయంత్రం ఇంట్లో అవ్వే అన్నది.

"కంప్యూటర్ల ఉంటే, మరి కారు వాకిట్ల ఎందుకు లేదురా?"

బాపు కూలీ ఇంటి కిరాయికి, మందులకు సరిపోతుంది. ఇద్దరి అన్నం మాత్రం ఆ కార్డు మీదే. నేను వేరు కాపురం. బియ్యం నేను కొనిస్తానంటే అవ్వకు కోపం వచ్చింది. లేని కారు కోసం ఉన్న అన్నం ఎందుకు వదులుకోవాలని అడిగింది.

సరే, అవ్వను తీసుకుని తహసీల్దార్ ఆఫీసుకు పోయాను. లిస్టు పైనుంచి వచ్చిందన్నాడు అక్కడి సారు. ఎవరు చేశారంటే సిస్టం అన్నాడు. ఏం చూసి తీసేసిందో ఆయనకూ తెలియదట. ఆ సిస్టం ఏ గదిలో కూర్చుంటుందని అవ్వ అడిగింది, లంచ్‌కు పోతే వచ్చేదాకా ఆగుతానంది. నేను సిగ్గుతో గోడ మీది క్యాలెండర్ చదువుతూ నిలబడ్డాను. కారుంటే మాకూ సంతోషమేనని, తాళంచెవి ఇప్పిస్తే కొండగట్టుకు తోలుకుపోయి పూజ చేయించుకొస్తామని కూడా అన్నది. సారు నవ్వాపుకుని కంప్యూటర్ మా వైపు తిప్పి చూపించాడు. కారు ఉట్నూర్‌ది. పేరు, ఇంటిపేరు మాత్రం బాపువే.

ఉట్నూర్ అనగానే అవ్వకు సంగతి తెలిసిపోయింది. బాపు వాళ్ళ తాతకు అయిదుగురు కొడుకులు. తాత పోయాక, మా ఇళ్లలో ఉన్న పద్ధతి ప్రకారం, ప్రతి ఒక్కరూ తన పెద్దకొడుక్కి ఆయన పేరే పెట్టుకున్నారు. ఒకరు పెట్టారు కదా అని ఇంకొకరు ఊరుకోలేదు. అలా ఒకే పేరుతో అయిదుగురయ్యారు. మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే ఆ పేరుతో వాళ్లను ఎవరూ పిలవరు. మా బాపు బక్కాయన. భివండిలో మగ్గాలు నడిపి వచ్చినాయన భివండాయన. మిగతా ముగ్గురు జమ్మికుంటాయన, చెన్నూరాయన, ఉట్నూరాయన. ఉట్నూరాయన కారు కిరాయికి నడుపుతాడు. ఈ సంగతులేవీ కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదు. అది అయిదుగురినీ కలిపి ఒక్క మనిషిని చేసి, బక్కాయన బియ్యం కోసేసింది.

రుజువు కావాలన్నాడు సారు. ఏ కాగితమో ఆయనకూ తెలియదు. కాగితాలెందుకు, మనుషులనే పట్టుకొస్తానని అవ్వ లేచింది.

సోమవారం అయిదుగురూ వచ్చారు. ఎట్లా వచ్చారంటే, ఉట్నూరాయన కారులో, అవ్వతో సహా ఇరుక్కుని కూర్చుని. కారు లేదని చెప్పడానికి కారులో పోతారా అని నేను మొత్తుకున్నాను, బస్టాండ్ దగ్గరే దిగి నడిచి రమ్మని బతిమాలాను. ఎవరూ వినలేదు. సరిగ్గా ఆఫీసు మెట్ల ముందు ఆపారు. బాపు కారు ముందు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. అందరూ దిగినా, తలుపు ఎట్లా తీయాలో తెలియక ఆయన లోపలే ఉండిపోయాడు. ఆ కారుకు ఓనరని కంప్యూటర్ చెప్పింది ఈయన గురించే.

లోపల సారు బాపు పేరు పిలిచాడు. అయిదుగురు లేచి నిలబడ్డారు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అందరిదీ ఒకటే ముక్కు, ఒకటే బట్టతల. కార్డు పోయినాయన ఎవరని అడిగాడు. వాళ్ళు నోరు తెరవకముందే అవ్వ పోయి బాపు మోచేయి పట్టుకుంది.

"గీయన, సారు. నలభై ఏండ్ల సంది చూస్తున్న. ఒక్కనాడు గూడ పొరపాటు పడలే."

బాపు చెవులు ఎర్రబడ్డాయి. ఏం చూడాలో తెలియక చెప్పులు చూసుకున్నాడు. నాకైతే పదేళ్లుగా ఎంతమంది ముఖం మీద నా ఇష్టమైన మాట కొట్టానో అప్పుడు గుర్తొచ్చింది. కార్డు తిరిగి ఇచ్చే బటన్ తన దగ్గర లేదన్నాడు సారు. కానీ ఒక తెల్లకాగితం తీసుకుని, అయిదుగురినీ తన కళ్ళతో చూశానని చేత్తో రాసి, సంతకం పెట్టి పైకి పంపాడు.

రెండు నెలలకు కార్డు వచ్చింది. అవ్వ ఆ బియ్యం వండి అయిదుగురినీ పిలిచింది. తింటుండగానే చెన్నూరాయనకు ఇంటి నుంచి ఫోన్. ఆయన కార్డు రద్దయింది. కారణం, కారు.

అందరూ నా వైపు చూశారు. నేను అనబోయిన మాటను అన్నం ముద్దతో పాటు మింగేశాను. మర్నాడు సెంటర్‌కు సర్వర్ పనిచేయడం లేదని బోర్డు తగిలించాను. పదేళ్లలో ఆ బోర్డు అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. చెన్నూరు ఆఫీసుకు పోదామని నేను ఉట్నూరాయన కారు దగ్గరికి వెళ్లేసరికి బాపు తలుపు తనే తీసుకుని ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

"జర జల్ది ఎక్కు," అన్నాడు. "గక్కడి సారు లంచుకు పోతడు."