ఎస్తేరు ఆంటీ కొట్టేయించిన పిట్ట

ఈ ఉదయం ఢిల్లీ ద్వారకలో మా అపార్ట్‌మెంట్ సొసైటీ వెనకున్న కీకర్ తుమ్మ పొదల్లోంచి గులకరాళ్ళు తట్టినట్టు ‘టెక్, టెక్’ మని ఒక పిట్ట పలికింది. వైట్‌త్రోట్. తెల్లని గొంతున్న చిన్న బూడిదరంగు పిట్ట. అది వినగానే ఎస్తేరు ఆంటీ గుర్తొచ్చి, గురుగ్రామ్ వెళ్ళే ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతున్నా అక్కడే నిలబడిపోయాను.

ఆంటీది కాకినాడ. ఢిల్లీలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం చర్చికి వెళ్ళేలోపు పక్షులు చూసి రావడం ఆవిడ అలవాటు. బైనాక్యులర్స్ పట్టుకోవడం కూడా రాని నన్ను వెంట తిప్పుకున్నది ఆవిడే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నాకు చూసిన పక్షుల జాబితా పెంచుకోవాలనే ఆత్రం. కొమ్మ కదిలితే చాలు, పేరు రాసేసేవాణ్ణి. ఆంటీ నా పుస్తకం చూసి నవ్వేవారు.

“ఇదేం చార్టయ్యా? జ్వరమని రాస్తే సరిపోద్దా, ఎంతుందో రాయొద్దూ? పేర్లు ఆ సైంటిస్టు పెద్దోళ్ళు మారుస్తానే ఉంటారు. నువ్వు చూసింది రాయి.”

కాళ్ళ రంగు, తోక ఆడించే తీరు, కూర్చున్న చెట్టు అన్నీ రాశాకే ఆవిడ పేరు రాసేవారు.

చూపు మసకబారాక ఆవిడ జాబితాను నా ఫోన్లో టైపు చేసిపెట్టాను. జీవితమంతా చూసినవి సరిగ్గా మూడు వందల జాతులు. ఆ సంతోషంతో చర్చిలో అందరికీ లడ్డూలు పంచారు. ఆ నెలలోనే, అంతవరకూ వేరనుకున్న రెండు వైట్‌త్రోట్‌లను శాస్త్రజ్ఞులు ఒకే జాతిగా కలిపేశారు. ఆంటీ లెక్క ఒకటి తగ్గింది. ఇంకొకటి చూసి కలుపుకుందామంటే ఆవిడకు చూపు ఆనట్లేదు. చెప్పడానికి నోరు రాక పదిహేను రోజులు దాచాను. చివరికి ఆవిడే అడిగారు.

“ఈ ఏడాది పేర్లలో మార్పులొచ్చాయంటగా. నాదేమన్నా పోయిందా?”

విషయం చెప్పి నసిగాను. “మీరు చూసినప్పుడు అవి రెండే కదాంటీ. అలాగే ఉంచుదాం. ఎవరడుగుతారు?”

“చార్టులో అబద్ధం రాయమంటావా?” ఆవిడ నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. తన పాత పుస్తకం నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నారు. “కొట్టెయ్ నాన్నా. బాధగానే ఉంది, ఏం చేస్తాం. ఇదిగో, ఆ రెండిటికీ నేనేం రాశానో చదువు.”

చదివాను. “ఎంత బాగా చూశానో!” అని మురిసిపోయారు. మరుసటి ఆదివారం, లడ్డూలు తిన్నవాళ్ళందరికీ లెక్క తగ్గిందని తానే నవ్వుతూ చెప్పారు. అంత నిజాయితీ గల మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆంటీ పోయి రెండేళ్ళయింది. నా జాబితాలో ఏదైనా పోయినప్పుడు మనసు చివుక్కుమంటుంది, అయినా ఆ రోజే కొట్టేస్తాను. నిజం చెబితే ఆవిడ తట్టుకోలేరని అనుకున్న ఆ పదిహేను రోజులకు మాత్రం ఇప్పటికీ సిగ్గుపడతాను.