తప్పించుకున్న నాలుగు కిలోల బొచ్చె

ఈ ఉదయం శ్రీముఖలింగం దగ్గర వంశధారలో బావతో కలిసి గాలం వేశాను. లావు దారం కట్టమన్నాను. "సన్నదైతే సేపకి కనపడదురా" అని బావ వినలేదు. దిష్టి తగలకుండా కొక్కేనికి ఎర్ర నూలు కూడా చుట్టాడు. కాసేపటికే ఒక బొచ్చె చేప పడింది, దారం తెంపుకుని పోయింది. నేను చూసింది తోక ఒక్కటే. బావ వెంటనే అక్కకు ఫోన్ చేసి, నాలుగు కిలోల చేప తప్పించుకుందని చెప్పాడు.

గంట తర్వాత దిగువన కూర్చున్న ఒక తాత గాలానికి బొచ్చె పడింది. దాని మూతిలో ఎర్ర నూలు చుట్టిన కొక్కెం ఉంది. కాటా వేస్తే ముప్పావు కిలో తూగింది.

"కొక్కెం నీదైతే సేప నీదే బాబూ, పట్టుకెళ్లు" అన్నాడు తాత.

బావ చేపను చూశాడు, నన్ను చూశాడు. "నాది కాదు తాతా. నాది నాలుగు కేజీలదాని మూతిలో ఉన్నాది."

"మరి ఆ ఎర్ర నూలేటి బావా?" అన్నాను.

"సేపలకి మాత్రం దిష్టి తగలదేటిరా?"

మధ్యాహ్నం పప్పుచారుతో అన్నం తిన్నాం. "నిజంగా నాలుగు కేజీలేనేటిరా?" అని అక్క నన్నే అడిగింది. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. బావ ముఖం చూసి, "తోక వరకు ధ్రువీకరించగలను" అన్నాను.

మీరైతే చేపను ఇంటికి తెచ్చుకునేవారా, నాలుగు కిలోల మాట మీద నిలబడేవారా?