రోడ్డు పక్క రెండెకరాలు

మొన్న అన్నం తింటూ మా అమ్మాయి, "బాపూ, నేను మెడిసిన్ చదివితే మొత్తం ఎంతైతది?" అని అడిగింది. జనగామలో ఇంటర్ బైపీసీ చదువుతోంది, ఇంకా పరీక్షే రాయలేదు. "నువ్వు చదువు బిడ్డా, తరిగొప్పుల పొలం ఉన్నది గదా" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట ఇదే మాట మా చెల్లెలి విషయంలో వచ్చినప్పుడు నేను అన్నది వేరు.

చెల్లెలు నాకన్నా పద్నాలుగేళ్లు చిన్నది. ఆలస్యంగా పుట్టిన పిల్ల కాబట్టి నాయినకు ప్రాణం. నీట్‌కు చదివిన ఏడాదంతా పాఠాలు ఎంత శ్రద్ధగా చదివిందో, ఖర్చు తగ్గించే ఉపాయాలూ అంత శ్రద్ధగా వెతికింది. మెడిసిన్ చదివే అక్కలతో పాత పుస్తకాలకు ముందే మాట్లాడి పెట్టుకుంది. ఏ ఊళ్లో హాస్టల్ చవకో, చదువు లోనుకు ఏ కాగితాలు కావాలో బ్యాంకు మేనేజరుకన్నా వివరంగా చెప్పేది. "సీటు రాకముందే గింత పరేషానేందే" అని నవ్వేవాణ్ణి. పాపం, ఆమె ఆలోచనంతా సర్కారు సీటు మీదే.

సర్కారు సీటు కొద్దిలో తప్పింది. మేనేజ్‌మెంట్ కోటాలో వచ్చేలా ఉంది కానీ ఫీజు ఏడాదికి లక్షల్లో. నాయిన వెనకాడలేదు, రోడ్డు పక్క రెండెకరాలు అమ్ముతానన్నాడు. కబురు తెలియగానే బస్సెక్కి మా ఊరు తరిగొప్పులకు పోయాను. అవి అమ్మి జనగామలో ఇల్లు కట్టాలని నేను ఎప్పుడో అనుకుని ఉన్నాను.

"నాకూ పిల్లలున్నరు నాయినా. గా పొలంల నా పాలు లేదా? రేపు ఆమె డాక్టరైతే సంపాదన మనింటికొస్తదా, అత్తగారింటికి పోతదా?" అన్నాను. చెల్లెలు వంటింట్లోనే ఉంది. కాసేపటికి ఇద్దరికీ చాయ తెచ్చింది. నా గ్లాసులో చక్కెర తక్కువే వేసింది, నేను తాగేట్టే.

తెల్లారి, "నాకు మెడిసిన్ వద్దు నాయినా. నెత్తురు చూస్తే కండ్లు తిరుగుతయి" అంది. నాయిన ఆమె వంక చూడలేదు, నా వంక చూశాడు. ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునే గడువు ఇంకో వారం ఉంది. ఆ వారమంతా ఆయన రోజూ "జర ఆలోచించు బిడ్డా" అంటూనే ఉన్నాడట. నేను ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు.

ఆమె మహబూబాబాద్‌లో నర్సింగ్ చేసింది. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక దవాఖానలో, ఆపరేషన్ థియేటర్లోనే డ్యూటీ. నాయిన ఆఖరి రోజుల్లో సేవంతా తనే చేసింది. ఆయన పోయాక పొలంలో తన పాలు నాకు రాసిచ్చింది. నేను వద్దనలేదు. ఇల్లు మాత్రం ఇప్పటికీ కట్టలేదు.

నిన్న భూపాలపల్లి పోయి, ఆ రోజు తప్పు చేశానని ఆమెతో చెప్పాను. యూనిఫామ్ మడత పెడుతూ వింది. "పొలం అమ్మాలని నాకు లేకుండె అన్నా. నువ్వు ఒక్కసారి 'చదువు చెల్లే' అంటవేమోనని వారం దినాలు చూసిన. గంతే" అంది. తర్వాత డ్యూటీకి టైమైందని లేచింది.

ఆ గడువు దాటడానికి వారమే పట్టింది. అది దాటిపోయిందని నాకు తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది.