అమ్మ గాజూ, ఇంజను లేని విమానమూ

పొద్దున్నే డికాషన్ దిగాక వాసన పోకుండా చిన్న గ్లాసు మీద నేను పెట్టే మూత ఏ స్టీలు కొట్లోనూ దొరకదు. అరచేతిలో పట్టేంత అల్యూమినియం బిళ్ళ అది. అంచు చుట్టూ ఎలుక కొరికినట్టు గాట్లు, ఒక పక్క ఎన్నేళ్ళు తోమినా వదలని నీలిరంగు మరక. అశోక్‌నగర్‌లో మా ఫ్లాటుకి పై అంతస్తు హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షలకి చదువుకునే లత, రోజూ కాఫీ వేళకి పుస్తకంతో సహా మా వంటింట్లోకి దిగుతుంది. "ఏంది అక్కా ఇది, మూత లెక్కనే లేదు. జర మంచిది కొనరాదూ" అంటుంది. అది విమానంలో ముక్క అని చెబితే నవ్వింది. నిజానికి విమానంలో ముక్క కూడా కాదు, విమానంలోంచి తీసేసిన ముక్క. అది ఉన్నచోట ఉండిపోయి ఉంటే మా నాన్న ఎగిరేవాడు కాదు.

అప్పట్లో మేము చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో, యాదమ్మ గారింట్లో రెండు గదుల వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. వేసవి వచ్చిందంటే ఆ సందుకి ఒక వాసన కాదు, పూటకొకటి: పొద్దున మార్కెట్లో తడిపిన కొత్తిమీర కట్టలది, పది గంటలకి డాబా మీద ఎండుతున్న మినప వడియాలది, మధ్యాహ్నం అమ్మ ఆవకాయకి దంచే ఆవపిండిది, సాయంత్రం నీళ్ళు చల్లిన వాకిట్లోంచి లేచే మట్టిది. ఎండ కాస్త తగ్గగానే పిల్లలందరం సందులో బొగ్గుతో గడులు గీసి, పెంకు ముక్కలు విసురుతూ తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. గడి మధ్యలోకి సైకిలొస్తే సైకిలే ఆగాలి గాని మేము ఆగేవాళ్ళం కాదు. యాదమ్మ గారు అరుగు మీద కూర్చుని, ఆకూ వక్కా నములుతూ, ఆటలో తొండి ఎవరిదో తీర్పు చెప్పేది.

నాన్న ఒక ప్రభుత్వ కార్యాలయంలో పాత ఫైళ్ళ గదికి కాపలా లాంటి గుమాస్తా. ఆరు రోజులు ఆ దుమ్ములో తుమ్మి, ఏడో రోజు తెల్లారకముందే సైకిలెక్కి, ఊరి బయట ఎర్రమట్టి మైదానంలో గ్లైడర్లు ఎగరేసే క్లబ్బుకి వెళ్ళిపోయేవాడు. గ్లైడరంటే ఇంజను లేని విమానం. మైదానం ఆ చివర ఒక యంత్రం ఇనపతాడుని గబగబా చుట్టేస్తుంటే, ఈ చివర కట్టిన గ్లైడరు గాలిపటంలా లేచి, పైకెళ్ళాక తాడు వదిలేసి, గాలి మీద తేలుతూ దిగుతుంది. నేల మీద ఉన్నంతసేపూ అది ఒక పక్కకి ఒరిగిపోతుంది కనుక, లేచేదాకా ఎవరో ఒకరు రెక్క చివర పట్టుకుని పక్కనే పరుగెత్తాలి. ఆ ఎవరో ఒకరు మా నాన్న. నాలుగేళ్ళు పరుగెత్తాడు. ఒక్కసారైనా ఎక్కాలని ఆయనకి ప్రాణం. ఎక్కించమని అడగడానికి మాత్రం నోరు పెగిలేది కాదు. రెక్క చేతిలోంచి జారిపోయాక కూడా ఇంకో పదడుగులు ఊరికే పరుగెత్తేవాడు, ఆగబుద్ధి కాక.

యాదమ్మ గారికి ఈ సంగతి ఒక పట్టాన మింగుడుపడలేదు.

"ఇంజన్ లేకుంట గాలిమోటర్ ఎట్ల ఎగురుతది సారూ?"

"గాలే ఎగరేస్తుందండీ."

"మరి కిందికి దిగనీకి?"

"దానికీ గాలేనండీ."

"గట్లయితే నడిమిట్ల నువ్వెందుకు ఉరుకుతున్నవ్?"

నాన్న సైకిలుకి తాళం వేసి లోపలికొచ్చేవాడు.

ఆ ఏడు మామిడికాయల రోజుల్లో, క్లబ్బులో రెండు సీట్ల పాత గ్లైడరుకి చెదలు పట్టింది. ముందు కూర్చున్నవాళ్ళ ఎదురుగా ఒక చెక్క పలక ఉంటుంది. వేగం ఎంత, ఎత్తు ఎంత, ఎక్కుతున్నామా దిగుతున్నామా, ఒరిగామా అని చెప్పే నాలుగు గుండ్రటి మీటర్లు దానికే బిగించి ఉంటాయి. చెదలు మీటర్లు వదిలేసి పలకంతా తిన్నాయి. గ్లైడరు నడపడం నేర్పే పెద్దాయన్ని అందరూ కెప్టెన్ గారనేవారు. ఆయన పలక ఆకారంలో కత్తిరించిన అల్యూమినియం రేకొకటి నాన్న చేతిలో పెట్టి, "ఇదొక్కటే ఉన్నది. ఖరాబ్ చేస్తే ఇంకోటి దొరకది. వానలు పడకముందుకు నాలుగు కన్నాలు మంచిగ కోసి తెచ్చినవంటే, నిన్ను అండ్ల కూసోబెట్టి నేనే తిప్పుత" అన్నారు. వానలు పడితే ఆ మైదానం నాలుగు నెలలు బురద. నాన్న సరేనన్నాడు. గోడకి మేకు కొడితే గోడే రాలిపోయే మనిషి, సరేనన్నాడు.

నారాయణగూడ చౌరస్తా దగ్గర ఇనప సామాన్ల కొట్టుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, చేత్తో తిప్పే డ్రిల్లూ, ఉలీ, అర్ధచంద్రాకారం ఆకురాయీ తెచ్చాడు. గీత కనిపించడానికి రేకంతా బట్టలకి పెట్టే నీలిమందు పూశాడు. రెండు పెద్ద కన్నాలు మూడంగుళాలు, పైన అంగుళంలో ఎనిమిదో వంతు. రెండు చిన్న కన్నాలు రెండుంబావు అంగుళాలు. కాగితం మీద చూస్తే పిల్లలాట. నా జామెట్రీ పెట్టెలోని వృత్తలేఖిని తీసి గీయబోతే, దాని మర వదులై, గీత చుట్టూ తిరిగి వచ్చేసరికి మొదలుపెట్టిన చోటికి రాకుండా పక్కింటికి పోయింది. ఎనిమిదో వంతంటే రెండు వీసాలని అమ్మ అంటుంటే, కాదని నాన్న అంటుంటే, ఆ పూట పని ఆగిపోయింది.

తర్వాత మూడు రోజులు మా ఇంట్లో గ్లాసులన్నీ స్కేలు కింద నిలబడ్డాయి. కొట్లో ఐదో నంబరని అమ్మే స్టీలు గ్లాసు మూతి పెద్ద కన్నానికి సరిగ్గా సరిపోయింది. దాన్ని రేకు మీద బోర్లించి, చుట్టూ సూదితో గీసి, నాన్న డాబా ఎక్కాడు. గీతని తాకకుండా లోపలివైపు దగ్గరదగ్గరగా బెజ్జాలు వేసుకుంటూ పోవాలి. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య మిగిలిన ఈనెలని ఉలితో తెంపితే బిళ్ళ ఊడి కిందపడుతుంది. అప్పుడు అంచున మిగిలిన పళ్ళని ఆకురాయితో గీతదాకా అరగదీయాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి ఒక్కో కన్నానికి వారం పట్టింది. గ్లాసు కన్నంలోంచి జారితే పాసు, ఇరుక్కుంటే మళ్ళీ ఆకురాయి. ఆ రాపిడికి పళ్ళు పులిసి, "ఏంది సారూ, పొద్దుగాల్నుంచి కిర్రు కిర్రుమని! నా ఇల్లు కోస్తున్నవా ఏంది?" అని కింద నుంచి యాదమ్మ గారు అరిచేది. పక్కనే ఎండుతున్న వడియాల మీద అల్యూమినియం పొడి రాలి, ఆ ఏడు మా ఇంటి వడియాలు కంచంలో తళతళా మెరిశాయి. ఊడిపడిన రెండు పెద్ద బిళ్ళలూ నావే. పెంకు ముక్కలతో ఆడే సందులో విమానపు బిళ్ళతో దిగాను. నేను తొండి ఆడినా ఎవరూ గట్టిగా అనేవాళ్ళు కాదు.

చిన్న కన్నాల దగ్గర మళ్ళీ చిక్కొచ్చింది. రెండుంబావు మూతి గల గ్లాసు ఏదీ మా ఇంట్లో లేదు, యాదమ్మ గారింట్లోనూ లేదు. మామిడికాయ ముక్కలు కొడుతున్న అమ్మ తలెత్తకుండా, "రెండుంబావంటే నా గాజు సైజేగా. రెండు-నాలుగు" అంది. గాజులబ్బాయి చెప్పే లెక్క అది: రెండంగుళాలు, పైన అంగుళంలో పదహారు భాగాలు చేస్తే నాలుగు. నాన్న స్కేలు పెట్టి చూసి, ఆ పూటంతా అమ్మని మర్యాదగా చూశాడు. అమ్మ ఎడమచేతికి సబ్బు రుద్దుకుని గిల్టు గాజు ఒకటి ఊడదీసి ఇచ్చింది. పెళ్ళయిన కొత్తలో నాన్న సుల్తాన్‌బజార్లో కొనిపెట్టిన జతలో ఒకటి. "జాగ్రత్తండీ, జత పోతే మళ్ళీ దొరకదు" అని మరీ చెప్పింది.

నాన్న గాజుని రేకు మీద పెట్టి, గ్లాసుకి చేసినట్టే చుట్టూ గీశాడు. వారం తిప్పాడు, కొట్టాడు, అరగదీశాడు. శుక్రవారం సాయంత్రం నున్నటి కన్నాన్ని తెచ్చి అమ్మకి చూపించాడు. అమ్మ చూసింది, గాజు వంక చూసింది, మళ్ళీ కన్నం వంక చూసింది.

"గాజుకి లోపలి కొలత కదండీ చెబుతారు? మీరు బయట నుంచి గీసినట్టున్నారే!"

నాన్న స్కేలు పెట్టాడు. రెండుంబావు దాటిపోయి ఇంకా ఉంది. మీటరు అందులో పెడితే నిలవదు, వదులుగా ఊగుతుంది. గ్లాసుకి బయట కొలత, గాజుకి లోపలి కొలత అన్న సంగతి మా సందులో మూడేళ్ళ పిల్లకి తెలుసు. ఎనిమిది వేల ఫైళ్ళు ఏ బీరువాలో ఉన్నాయో చెప్పగల మా నాన్నకి తెలియలేదు. రేకు ఒక్కటే. ఆదివారానికి మధ్య ఉన్నది ఒక్క రోజే. పడమటి వైపు మబ్బు పడుతోంది. నాన్న అన్నం తినలేదు. అరుగు మీద, ఆ కన్నంలోంచి సందుని చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని అలా చూడడం నాకు అదే మొదలు; నవ్వాలో ఏడవాలో తెలియక నా బిళ్ళలు రెండూ తెచ్చి ఆయన పక్కన పెట్టాను, అతికించుకుంటాడేమోనని.

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. గాజు తీసుకుని ఆ కన్నంలో పెట్టి బొటనవేలితో నొక్కింది. టక్కుమని ఇమిడిపోయింది. గాజు చుట్టూ గీసి కోసిన కన్నం కదా, గాజుకి కాక ఇంకెవరికి సరిపోతుంది! సందు లేదు, కదలిక లేదు. గాజు లోపల మిగిలినది రెండుంబావు, వెంట్రుక వాసి తేడా లేకుండా.

"జిగురు పెట్టి అతికించెయ్యండి" అంది అమ్మ.

"జత విడిపోతుందే."

"పోతే పోయింది. నాలుగేళ్ళ నుంచీ ఉత్తినే పరుగెడుతున్నారు."

ఇదంతా వింటున్న యాదమ్మ గారు ఆకు ఉమ్మేసి వచ్చి పెద్దగా నవ్వింది. "ఇన్నొద్దులకు గాలిమోటర్‌కి గాజులు తొడిగిన్రు. ఇగ సీమంతం చెయ్యిండ్రి!"

రెండో చిన్న కన్నం, శనివారం ఆఫీసుకి సెలవు పెట్టి, రోజంతా కూర్చుని గాజు లోపలి నుంచి గీసి కోశాడు. నా బిళ్ళలు నాలుగయ్యాయి. ఆదివారం ముగ్గురం పులిహోర కట్టుకుని, రేకుని దుప్పట్లో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాం. కెప్టెన్ గారు మీటర్లు బిగించి, లాగి, కుదిపి, గుప్పిటతో గుద్ది చూశారు. ఏదీ కదల్లేదు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, "ఈ బంగారు రింగు ఏందయ్యా?" అన్నారు. నాన్న నేల చూపులు చూస్తూ, "మా ఆవిడ గాజండీ" అని జరిగిందంతా చెప్పేశాడు. కెప్టెన్ గారు మళ్ళీ ఒకసారి గుద్ది చూశారు. అమ్మ చేతికి మిగిలిన ఒంటి గాజు వంక చూశారు.

"ఎవరి సామాన్ మీద భరోసా పెట్టి ఎగురుతున్నమో, ఆ మనిషే ముందు ఎక్కాలె. రాండ్రి అమ్మా, కూసోండ్రి."

"నేనా? ఆయన్ని ఎక్కించండి బాబూ, ఈ కోరిక ఆయనది" అంది అమ్మ. అప్పటికే పడమటి మబ్బు సగం ఆకాశం ఎక్కింది. రెండోసారి ఎగరేసే వ్యవధి ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేరు. నాన్న రెక్క చివరికి నడిచి, "ఎక్కు. రెక్క నేను పట్టుకుంటాను" అన్నాడు. అమ్మ చెప్పులు విప్పి ఎక్కింది. తాడు బిగిసింది. నాన్న రెక్క పట్టుకుని పరుగు మొదలుపెట్టాడు, అంతే, వదలడం మర్చిపోయాడు. "వదులు! అరే, వదులవయ్యా!" అని లోపల నుంచి కెప్టెన్ గారు కేక వేస్తే గాని వదల్లేదు. మా అమ్మ మడమల్లో పసుపుతో, జడలో మల్లెపూలతో, ఆకాశంలోకి వెళ్ళిపోయింది. నాన్న అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని గ్లైడరునే చూస్తున్నాడు. ఆయన బదులు మబ్బుని నేను చూశాను, కదలొద్దని కళ్ళురుముతూ.

దిగగానే నాన్న ఎదురు పరుగెత్తాడు.

"ఎత్తెంత చూపించింది?"

"చూళ్ళేదండీ."

"పోనీ, వేగం?"

"చూళ్ళేదు."

"మరి ఏం చూశావే?"

"గొర్రెలు" అంది అమ్మ. "చెరువు గట్టు మీద ఆవగింజల్లా పోతున్నాయి. వాటి వెనక ఎర్ర తలపాగా. ఎంత బావుందో!"

నెల రోజులు కళ్ళు పోయేలా కోసిన నాలుగు కన్నాల వంకా ఆవిడ చూడనే లేదు. అప్పుడే చినుకు పడింది. "ఇంకొక్కటి అయితది, జల్దీ ఎక్కు!" అని కెప్టెన్ గారు కేకేశారు. నాన్న ఎక్కాడు. రెక్క ఇంకెవరో పట్టుకున్నారు. ఆరు నిమిషాల తర్వాత, వానతో పాటే దిగాడు. మొహం వెలిగిపోతోంది.

"చెరువు చూశారా?" అంది అమ్మ.

"చెరువేమిటే! నాలుగు మీటర్లుంటే బయటికి చూసే తీరికెక్కడిది?"

ఆ తర్వాత ఎన్నేళ్ళో, ఎవరు మా ఇంటికి వచ్చినా, వాళ్ళిద్దరూ కలిసి ఒకే ప్రయాణంలా చెప్పేవాళ్ళు. అమ్మ గొర్రెల దగ్గరికి రాగానే నాన్న మధ్యలో దూరి ఆ క్షణంలో ఎంత ఎత్తో, ఎంత వేగమో అంకెలు చెప్పేవాడు, "అబ్బ, మీ అంకెలు ఆపండి, ఎవరికి కావాలి!" అని అమ్మ చేయి విసిరేది. "అమ్మ ఎక్కింది వేరే సారి కదా నాన్నా" అని నేనంటే, "ఆకాశం అదేగా" అనేవాడు.

యాదమ్మ గారి ఇల్లున్న చోట ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టలు లేచింది. అరుగు లేదు, డాబా మీద వడియాల బదులు నీళ్ళ ట్యాంకులు. ఎర్రమట్టి మైదానం ప్లాట్లయింది. గ్లైడరుని ఏదో ఊరివాళ్ళు కొనుక్కుపోయారు, గాజుతో సహా. నా బిళ్ళల్లో మూడు ఏ సందులో జారిపోయాయో తెలియదు. నాన్న పోయి కూడా ఏడేళ్ళయింది. ఆయన లేని ఇల్లు నాకింకా అలవాటు కాలేదు.

నిన్న పొద్దున లత, నా మాట నమ్మక, "అమ్మమ్మా, నువ్వు నిజంగనే గాలిమోటర్ ఎక్కినవా?" అని, నా దగ్గరే ఉంటున్న అమ్మనే అడిగింది. అమ్మ మొదలుపెట్టింది: చెదలు, గ్లాసులు, గాజు, వదలని రెక్క. చెరువు గట్టు మీద గొర్రెల దగ్గరికి వచ్చి ఆగింది. ఆగి, పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు కొంచెం తిరిగింది. లత పుస్తకం మూసి నా వంక చూసింది. పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా వంటింటి గుమ్మంలోంచి నేనే అన్నాను, "ఎనిమిది వందల అడుగులు."

"ఎనిమిది వందల ఇరవై" అంది అమ్మ. "గంటకి నలభై ఐదు మైళ్ళు. ఆ ఇరవై మీ నాన్న ఏనాడూ వదల్లేదు."