పేరు చెప్పకుండా కూలిన టెస్టు

ఈ పొద్దున భవానీపురంలో మా గుమ్మం ముందు చేపల బండి ఆగింది. బండివాడు ఐసుముక్కలతో సహా చేపను కాటా మీద పడేశాడు. ఐసునీ చేప లెక్కలోనే తూస్తున్నాడని ఒళ్లు మండుతుండగానే, గన్నవరం ఆఫీసులో మా పై అధికారి అన్నపూర్ణగారు గుర్తొచ్చారు.

మా నాన్న చేపల వేలంలో తూకం మీద అనుమానం వస్తే ఒక్క మాట అనేవాడు కాదు. తక్కెడ బోర్లించి వెళ్లిపోయేవాడు. ఆ పూటకి వేలం ముగిసినట్టే. ఆ రోషమే నాకూ వచ్చింది. పదో తరగతితో బడి మానేసి, యాభై దాటాక పుస్తకాలు ముందేసుకుని జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. డిగ్రీ కాగితం అడగకుండా నన్ను పనిలోకి తీసుకున్నది అన్నపూర్ణగారొక్కరే. "మూడు నెలలు చూద్దాం బాబాయిగారూ" అన్నారు. పక్క బల్లల ఇంజినీర్లకి మాత్రం నేను 'సొంత చదువు తాత'. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

మూడో నెల ఆఖరి వారం. హనుమాన్ జంక్షన్ చేపల వ్యాపారుల కోసం మేం రాసిన తూకాల ప్రోగ్రాం ఆ సాయంత్రానికి ఇవ్వాలి. ప్రోగ్రాంలో ఒక్కో ముక్కనీ విడిగా పరీక్షించే యూనిట్ టెస్టులు పొద్దుటినుంచీ మధ్యలోనే కుప్పకూలుతున్నాయి. ఏ టెస్టు తప్పిందో పేరు రాదు. జావా ఆగిపోయిందన్న ఒక్క ముక్కే వస్తుంది. ఇంజినీరు కిరణ్ మెమరీ రెండింతలు చేశాడు. మళ్లీ కూలింది.

"టెస్టులు వదిలేసి ప్రోగ్రాం పంపేద్దాం మేడం. తాతగారి కోడే ఏదో తేడా కొట్టుంటది" అన్నాడు.

"చూసి మాట్లాడవయ్యా! డిగ్రీలో అదే నేర్పారా?" అన్నాను.

"ఎవరిదన్నది తర్వాత, ఎక్కడన్నది ముందు" అన్నారు అన్నపూర్ణగారు. "తప్పిన టెస్టయితే పేరు చెప్తుందండీ. ఇది చెప్పకుండానే పోయిందంటే, లోపలెవరో ఇల్లు మొత్తానికీ మెయిన్ స్విచ్ కట్టేశారన్నమాట. సగం టెస్టులు నడపండి. కూలితే, అందులో సగం."

అలా సగాలు చేసుకుంటూ పోతే చివరికి ఒక్కటి మిగిలింది. సున్నా కంటే తక్కువ తూకం ఇచ్చి చూసే టెస్టు, కిరణ్ ఆ వారమే రాసినది. "నీదేనయ్యా బాబూ!" అని గెలిచినవాడిలా అది పరీక్షించే కోడ్ తెరిచాను. తప్పు తూకం వస్తే 'సిస్టమ్ ఎగ్జిట్', అంటే జావా మొత్తాన్ని ఆర్పేసే ఆజ్ఞ. రాసింది నేనే. ఆ ఆజ్ఞతో టెస్టులు నడిపే జావా కూడా ఆరిపోయింది.

స్క్రీన్ ఇంకా ఎవరూ చూడలేదు. గుట్టుగా మార్చేయొచ్చు. ఉద్యోగం ఖాయం కావడానికి నాలుగే రోజులున్నాయి.

"మేడం, తప్పు నాదే" అన్నాను. మా నాన్న తక్కెడ సంగతీ చెప్పి, నా కోడూ అదే చేసిందన్నాను.

ఆవిడ నవ్వలేదు. "నాన్నగారి కోపం న్యాయమేనండీ. వెళ్లేముందు ఎందుకో ఒక్క మాట చెప్పుంటే, తూచినవాడు దిద్దుకునేవాడేమో."

ఆ లైను తీసి, 'తూకం చెల్లదు' అని కారణం చెప్పి ఆ ఒక్క పనినే ఆపే ఎక్సెప్షన్ పెట్టాను. టెస్టులన్నీ నెగ్గి పచ్చగా వచ్చాయి. ఆవిడ కిరణ్ వైపు తిరిగారు. "వదిలేద్దామన్నావుగా? ఒక్క వేలు జారి తప్పు తూకం పడితే, సంత మధ్యలో ప్రోగ్రాం కూలేది. ఈ పొద్దుటినుంచీ తప్పుకి పేరు చెప్పింది బాబాయిగారొక్కరే."

నాలుగో రోజున ఉద్యోగం ఖాయమైంది. తర్వాత టెస్టులు కూలినప్పుడల్లా ఆ ఇంజినీర్లే "బాబాయిగారూ, ఓసారి రండి" అని పిలిచేవారు. ఆ పిలుపు నాకు ఏ పట్టాకీ తీసిపోదు.

ఈ పొద్దున బండివాడి కాటా బోర్లించడానికి చెయ్యి లేచింది. వెనక్కి తీసుకున్నాను. "నువ్వు తూచింది చేపని కాదు, ఐసుని. తీసేసి మళ్లీ తూచు" అన్నాను. వాడు గొణుక్కుంటూ ఐసు దులిపి, చేపని మళ్లీ కాటా మీద పెట్టాడు.