ఎడమ చెయ్యి వినబడాలంటే

కరెంటాఫీసులో రిటైరైన ఏడాది నేనే కూర్చుని రెండు బాకా స్పీకర్లు చేసుకున్నాను. పెళ్ళిపందిట్లో కొబ్బరిచెట్టుకు కట్టే రేకు బాకాలు కావు. టేకు చెక్కవి, హాల్లో కూర్చుని పాట వినడానికి. వాటిలో గొంతూ వీణా మనిషి ఎదురుగా ఉన్నట్టే పలుకుతాయి. లోపం ఒకటే. మృదంగంలో కుడి చెయ్యి టకటకమని వినిపిస్తుంది, ఎడమ చేతి గుమ్మనే మోత మాయమైపోతుంది. శబ్దం ఎంత లోతైతే బాకా అంత పొడుగుండాలి, దాని నోరు అంత వెడల్పుండాలి. నావి మూరెడు బాకాలు. వాటి నుంచి గుమ్మనే మోత ఆశించడం అత్యాశేనని సర్దుకుపోయాను.

ఆదివారం పొద్దున మా అక్క వచ్చేది. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. మా పేట కోసపాళయంలోనే, మాకు రెండు వీధుల అవతల ఆమె ఇల్లు. నలభై ఏళ్ళు ఇంట్లో పిల్లలకు పాట చెప్పింది. చిన్నప్పుడు నాకూ చెప్పబోయి, నా గొంతు విని ఆశ వదులుకుని, తాళమైనా సరిగ్గా వేయమని తొడపాశాలు పెట్టి నేర్పింది. ఇప్పుడు ఆమెకు చెవులు మందగించాయి. చెవి మిషన్ మాటలకు పనికొస్తుంది గాని, పాటకు పెట్టుకుంటే కూత పెడుతుందని తీసి డబ్బాలో పెట్టేది. తర్వాత కుర్చీలో సర్దుకుని నాతోపాటు తాళం వేసేది. ఒక్క దెబ్బ తప్పేది కాదు. మాట వినబడకపోయినా పాట వినబడుతోంది కదా అని నేను సంతోషపడేవాణ్ణి.

అలా రెండేళ్ళు గడిచాక ఒక ఆదివారం దోమ వచ్చి నా మోకాలి మీద వాలింది. పాట మధ్యలో, తాళంతో పని లేకుండా, ఫట్టుమని కొట్టాను. వెంటనే అక్క కూడా తన మోకాలి మీద ఫట్టుమని కొట్టింది.

తర్వాతి పాటలో కావాలనే రెండు దెబ్బలు ఆపి చూశాను. ఆమె చెయ్యీ ఆగింది. చెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాను. ఆమె కళ్ళు ఆ తువ్వాలు చుట్టూ కాసేపు వెతికాయి, తర్వాత కాఫీ చల్లారిపోతోందంటూ గ్లాసు అందుకుంది. ఇన్నాళ్ళూ ఆమె పాట వినడం లేదు, నా చెయ్యి చూస్తోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఊదినవాడికి ఎంత సిగ్గేస్తుందో ఆ సామెతలో లేదు. పైగా ఆ నటనంతా నా ముచ్చట చెడకూడదని. మోకాళ్ళ నొప్పి, ఇక ఆదివారాలు రావడం కష్టమని నా భార్యతో అప్పటికే అని ఉంచిందట.

కదిర్కామంలో చెవి డాక్టరు ఇచ్చిన కాగితం అక్క సంచిలో ఉంటే అడిగి చూశాను. దాని మీద కొండ దిగినట్టు ఒక గీత. సన్న శబ్దాల వైపు పూర్తిగా కిందికి పడిపోయి ఉంది. లోతు శబ్దాల వైపు మాత్రం ఆమె చెవి నా చెవి లాగే ఉంది. అంటే ఆమెకు చెవి మిగిలిన చోట నా స్పీకరు పలకదు, నా స్పీకరు పలికే చోట ఆమెకు చెవి లేదు. లోడు ఒకచోట, లైను ఇంకోచోట ఉన్న వీధులను ఉద్యోగంలో ఎన్నో చూశాను. మా హాలు అలాంటిదేనని అప్పటిదాకా తట్టలేదు.

వాల్యూం పెంచితే లాభం లేదు. ఎడమ చెయ్యి పలకాలంటే ఎనిమిదడుగుల బాకా కావాలి. దాన్ని పెట్టెలో మడతలు మడతలుగా అమర్చవచ్చు. నోటిని మాత్రం మడవలేం, ఆ వెడల్పు గది మూల ఇవ్వాలి. పెట్టెను మూలకు చేరిస్తే రెండు గోడలూ నేలా కలిసి బాకాకు మిగతా నోరవుతాయి.

మా హాల్లో ఒక మూల వాకిలి, ఒక మూల మెట్లు, ఈశాన్యంలో దేవుడి అర. మిగిలిన నైరుతిలో నా భార్య బీరువా ఉంది, నైరుతిలో బరువుండాలి కాబట్టి. జరపమన్నాను. పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట అంది. నైరుతి తేలికపడితే ఇంటికి కీడని రెండు రోజులు వాదించింది. మూడో రోజు వడ్రంగి వస్తే, ఈ పెట్టె ఎంత బరువుంటుందని తనే అడిగింది. బీరువాకు ఒకటిన్నర రెట్లు ఉంటుందని అతను చెప్పాడు. ఆమె వెళ్ళి బీరువాలోంచి చీరలు తీయడం మొదలుపెట్టింది.

వడ్రంగి ఒకప్పుడు సోలై నగర్‌లో పడవలు బాగుచేసినవాడు. పెట్టె చక్కగా చేశాడు గాని, నోరు అంత తెరిచి ఉంటే ఎలుకలు కాపురం పెడతాయని, నన్నడక్కుండా ముందు తలుపు బిగించి గొళ్ళెం కూడా పెట్టాడు. తలుపు తీయించి జాలీ కొట్టించాను. అయినా మోత పలచగానే వచ్చింది. అతుకుల్లో గాలి పోతోందంటే, నీళ్ళే చొరబడని అతుకులు వేసిన చెయ్యి ఇదని నొచ్చుకున్నాడు. అగరువత్తి వెలిగించి అతుకు దగ్గర పట్టుకున్నాను. పాట పెట్టగానే పొగ అటూ ఇటూ ఊగింది. అతను జిగురులో రంపపు పొట్టు కలిపి అన్నీ మూశాడు. లోతు శబ్దం మడతలన్నీ తిరిగి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, పాత బాకాలను నేను అంత మేరకు వెనక్కి జరిపాను.

ఆదివారం అక్క వచ్చింది. బీరువా యాడ పోయిందని అడిగింది, లోపల ఉందని సైగ చేశాను. ఆమె మిషన్ తీసి డబ్బాలో పెట్టింది. పాట పెట్టి, నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నాకు భయంగా ఉంది. ఇది కూడా వినబడకపోతే ఇంకోసారి రమ్మని పిలిచే ముఖం నాకు లేదు.

ఆమె నా చేతుల కోసం చూసింది. అవి కనబడలేదు. పల్లవి నడుస్తున్నంతసేపూ చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని, కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మృదంగం అందుకుంది. కాసేపటికి ఆమె తల కిటికీ వైపు నుంచి నైరుతి మూలకు తిరిగింది. వేళ్ళు లేచాయి, తడబడ్డాయి, తాళం రెండు ఆవర్తనాలు తిరిగాక కుదురుకున్నాయి. నా సంతోషం ఇంతా అంతా కాదు. చేతులు బయటికి తీసి నేనూ తాళం వేయసాగాను.

ఆమె నా చెయ్యి చూసింది, మొహం చిట్లించింది.

"ఒరే, ఆగు. పాట ఎత్తుకున్న చోట దెబ్బేస్తా ఉండావు. తాళం అరదెబ్బ ముందే మొదలయ్యుండాది."

చెయ్యి ఆపి ఆమె వైపు తిరిగాను.

"రెండేండ్లుగా ఇట్లే ఏస్తా ఉండావా? నిన్ను చూసి నేను గూడా తప్పే ఏస్తిని గదరా."

ఏం ఒప్పుకుందో ఆమెకు పట్టలేదు. పాటకు అపచారం జరిగిందన్నదే ఆమె కోపం. మొదట్నించి పెట్టమంది. పెట్టాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, నా మణికట్టు పట్టుకుని, మృదంగం ఎడమ చెయ్యి పడినచోటల్లా నా చేత వేయించింది. అరవై మూడేళ్ళవాణ్ణి, ఏడుపొచ్చింది. ఏడిస్తే దెబ్బ తప్పుతుందని ఆపుకున్నాను.