ఏడేళ్ల ఒప్పందం

ఆ ఏడాది నేను మాదాపూర్‌లో ఒక ఆడియో కంపెనీలో పనిచేసేదాన్ని. పాత సినిమా తారల జీవితకథలు తెలుగులో రాయడం నా పని. ఎండాకాలంలో నాకు అప్పగించింది హాలీవుడ్ నలుపు తెలుపు రోజుల్లో వెలిగిన ఒక కథానాయిక జీవితం, ఆరు భాగాలుగా.

మూడు వారాలు వేరే ధ్యాస లేదు. ఆ నటి తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేసేది. పద్దెనిమిదేళ్లకి స్టూడియో వాళ్లు పిలిచి ఏడేళ్లకు సంతకం చేయించుకున్నారు. పేరు మార్చారు. నుదురు చిన్నదని ముందు వెంట్రుకలు పీకించారు. బుగ్గలు లోపలికి పోవాలని దవడ పళ్లు తీయించారు. ఆ తర్వాత ఆమె ముఖం దేశమంతా గోడల మీదికెక్కింది.

ఈ కథ చదవడానికి బోరబండ నుంచి ఒకావిడ వచ్చేది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు మన సినిమా హీరోయిన్లకు గొంతు అరువిచ్చింది. తెర మీద ఆమె పేరు ఒక్కసారీ పడలేదట. మైకు ముందు అచ్చమైన పుస్తకాల తెలుగు, బయటికొస్తే ఇంటి మాట. "మైకు ముందట నోరు కడుక్కొని మాట్లాడాలె అనేటోళ్లు బిడ్డా" అని మొదటిరోజే నవ్వుతూ చెప్పింది.

మూడోరోజు పొద్దున మేనేజర్ నన్ను పిలిచి ఐదు ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టారు.

"ఆవిడకి మీరంటే గురి కదండీ. సంతకాలు చేయించెయ్యండి. ఎక్కువ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యకండి, కంగారుపడతారు."

నడుస్తూనే చదివాను. నాలుగో పేజీ దగ్గర కాళ్లు ఆగాయి. రికార్డు చేసిన ఆమె గొంతును కంపెనీ కంప్యూటర్‌కి నేర్పించుకోవచ్చు. ఆ తర్వాత ఆమె లేకుండానే, ఏ మాటలనైనా, ఎంతకాలమైనా, ఆ గొంతుతో పలికించుకోవచ్చు. నా కాంట్రాక్టు ఉద్యోగం నెలాఖరుతో అయిపోతోంది. పొడిగించాల్సింది ఆ మేనేజరే.

ఆవిడ క్యాంటీన్‌లో చాయ్ తాగుతోంది.

"ఏం రాసిన్రు బిడ్డా ఇండ్ల? నాకు ఇంగ్లీషు రాదు గద."

"మామూలు కాగితాలేనమ్మా. రికార్డింగ్‌కి పర్మిషన్."

"నువ్వు చదివినవా?"

"చదివాను."

"అయితే ఇగ ఫికర్ లేదు" అని పేజీకొకటి చొప్పున గుండ్రటి తెలుగు అక్షరాలతో ఐదు సంతకాలు పెట్టింది. కాగితాలు ఫైల్లో పెట్టుకుని లేచాను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

పదింటికి రికార్డింగ్ మొదలైంది. అద్దానికి అటువైపు ఆవిడ, ఇటువైపు సౌండ్ ఇంజనీరు, మేనేజరు, నేను. ఆరోజు చదవాల్సింది ఆ ఏడేళ్ల ఒప్పందం గురించి.

"ఆ కాగితాల్లో ఏముందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. నమ్మిన మనిషి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది."

అది నేను రాసిన వాక్యమే. ఆవిడ ఆగిపోయింది. మాట తడబడిందేమోనని ఇంజనీరు మళ్లీ చదవమన్నాడు. చదివింది. మళ్లీ అక్కడే ఆగింది. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, అద్దంలోంచి నన్నే చూసింది.

"బిడ్డా, జర లోపలికి రా."

ఫైలు చంకలో పెట్టుకునే వెళ్లాను. మైకు ఆన్‌లోనే ఉంది. ఏం మాట్లాడినా బయట వినబడుతుంది.

"పొద్దుగాల నేను పెట్టిన సంతకంల ఏమున్నది? సక్కగ చెప్పు."

ఆ గదిలోకి బయటి చప్పుడు రాదు. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. చెప్పేశాను.

"మీ గొంతు కంప్యూటర్‌కి నేర్పిస్తారమ్మా. మీరు రాకపోయినా, మీరు అనని మాటలు కూడా అది మీ గొంతుతోనే చదువుతుంది."

"ఎన్నొద్దులు?"

"ఎప్పటికీ."

"నేను సచ్చినంక గూడనా?"

"అవునమ్మా."

తలుపు తోసుకుని మేనేజర్ వచ్చారు. "మేడమ్, ఇది స్టాండర్డ్ పేపరండి. ఇప్పుడందరూ చేస్తున్నారు."

"అందరు ఇస్తున్నరని నేను గూడ ఇయ్యాల్నా సారూ?"

ఆయన నావైపు చెయ్యి చాచారు. "ఆ ఫైల్ ఇటివ్వండి."

ఆ చేతిని ఎంతసేపు చూశానో తెలియదు. కాగితాలు బయటికి తీసి ఆవిడకిచ్చాను.

ఆవిడ చింపెయ్యలేదు. నాలుగో పేజీ తీయించి, "ఏ లైన్లు? ఏలు పెట్టి చూపియ్" అంది. చూపించాను. స్క్రిప్టు మీద గుర్తులు పెట్టుకునే పెన్నుతో ఒక్కో లైనూ తాపీగా కొట్టేసి, పక్కన సంతకం చేసింది.

"దీనికి ఒప్పుకుంటే చదువుత. లేకుంటే పోత."

ప్రసారం సోమవారమే. రెండు భాగాలు అప్పటికే ఆవిడ గొంతులో తయారై ఉన్నాయి. మేనేజర్ ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లారు. ఇరవై నిమిషాలు మేమిద్దరం ఆ గదిలో ఉండిపోయాం.

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

"ఇంగ్లీషు రాదనే గద నిన్ను అడిగిన మేడమ్" అంది. అంతవరకూ నన్ను ఆ పిలుపు పిలవలేదు. తిడితే బాగుండుననిపించింది.

మేనేజర్ తిరిగొచ్చి, "సరే, ఆ లైన్లు తీసేస్తాం. మీ గొంతు ఈ సిరీస్ వరకే" అన్నారు. నావైపు చూడలేదు. ఆవిడ గోరువెచ్చని నీళ్లు తాగి, ఆగిన వాక్యం నుంచే మొదలుపెట్టింది. ఈసారి గొంతు తొణకలేదు.

తర్వాతి భాగాలూ అలాగే చదివింది. ఆ నటి నచ్చని పాత్రను కాదంటే స్టూడియో జీతం ఆపి పక్కన కూర్చోబెట్టింది. ఖాళీగా గడిచిన రోజులన్నీ ఒప్పందం చివర కలిపింది. ఏడేళ్లు తొమ్మిదయ్యాయి. కోర్టుకెక్కి ఓడిపోయింది, మిగిలిన కాలం పనిచేసి తీర్చింది. ఒప్పందం తీరాకా సినిమాలు చేస్తూనే ఉంది. నలభై రెండేళ్లకి, తనకంటే రెండేళ్లే చిన్నవాడైన హీరోకి తల్లిగా నటించమంటే స్టూడియో గేటు దాటి వెళ్లిపోయింది. అరవై ఎనిమిదేళ్ల దాకా ఊరూరా నాటకాలాడింది.

చివరి భాగంలో "ఆమె తెరమరుగైంది" అని రాశాను. ఆవిడ చదవడం ఆపింది.

"నాటకాలు ఆడింది గద. తెరమరుగు ఎట్లయితది? మార్చున్రి మేడమ్."

"ఆమె తెర వదిలి రంగస్థలం ఎక్కింది" అని మార్చాను. ఒక్క టేకులో చదివేసి, చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

నెలాఖరుకి నా ఉద్యోగం పొడిగించలేదు. రెండు లైన్ల మెయిల్ వచ్చింది. ఇంట్లో కొన్నాళ్లు కష్టమైంది. కానీ నిద్ర పాడుచేసింది ఉద్యోగం పోవడం కాదు, క్యాంటీన్‌లో నేను చెప్పిన ఆ "మామూలు కాగితాలేనమ్మా".

ఏడాది తర్వాత ఖాజాగూడలో పిల్లల పాఠాలు రికార్డు చేసే చోట పని దొరికింది. మంచి గొంతు కావాలన్నారు. రెండు రోజులు తటపటాయించి ఆవిడకి ఫోన్ చేశాను. అంతా వింది.

"కాగితాలు ముందుగాల ఇంటికి పంపు. నా మనుమరాలు చదివి చెప్తది. ఆమె సరే అంటే వస్త."

పంపాను. మర్నాడు మధ్యాహ్నం ఆ పిల్ల ఫోన్ చేసి, ఎక్కడా తడుముకోకుండా మూడు ప్రశ్నలడిగింది. కాగితాలు ముందు పెట్టుకుని, మూడింటికీ లైను లైనూ చదివి జవాబు చెప్పాను.